ఎవరూ అందించని ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, రెండు పెదాలూ కలిపి ‘ప్రభువా’ అని పలకగలుగుతున్నాను, వింటున్నారు కదా, నాకు ఇదే పెద్ద సాక్ష్యం, ఇక్కడితో ఆపి కూర్చోమన్నా సంతోషంగా కూర్చుంటాను, దేవునికే మహిమ! కానీ మన పాస్టరు అయ్యగారు వదిలేట్టు లేరు. జరిగింది జరిగినట్టు చెప్పమ్మా సువార్తా, అన్నారు. అదే నాకు కష్టం, ఎందుకంటే జరిగింది నాకే ఇప్పటికీ సగం అర్థం కాలేదు. అర్థమైనంత వరకు చెబుతాను, కానిది కానట్టే చెబుతాను, మీరే సర్దుకోండి.

ముందు వరసలో కూర్చున్న అక్కలు కొందరు నన్ను చూసి పళ్ళు నూరుతున్నారు, నాకు కనబడుతూనే ఉంది. నూరండి, ఏమీ అనుకోను. టీవీలో రోజూ కోడలిని రాచి రంపాన పెట్టిన అత్తను నేనే. ఒకసారి నరసరావుపేట కూరగాయల మార్కెట్లో ఒక పెద్దావిడ వంకాయలు తూచడం ఆపేసి, “ఏమే, ఆ పిల్లని అట్టా ఏడిపిస్తన్నావే, నీకు ఆడపిల్ల లేదా ఏందే?” అని నలుగురిలో నిలదీసింది. ఉందమ్మా, ఒక్కతే ఉంది, అని చెప్పడానికి నోరు రాక, కొనడానికి వెళ్ళిన కూరగాయలు కూడా కొనకుండా వచ్చేశాను. పాపం, ఆమె తెలియక అడిగింది గానీ సరిగ్గా నా పుండు మీదే వేలు పెట్టింది.

నా చీకటి కాలం ఒక తెల్లవారుజామున మొదలైంది. హైదరాబాదులో షూటింగు ఇంట్లో మేకప్ కుర్చీలో కూర్చోబోతూ నోరు పుక్కిలించాను, నీళ్ళు ఎడమ పక్క నుంచి జాకెట్టు మీదికి కారిపోయాయి, ఏందిది అని అద్దంలో చూసుకుంటే నా ముఖంలో సగం నాకు మామూలుగానే కనిపిస్తోంది, మిగతా సగం ఎవరిదో వేరే మనిషిది తెచ్చి అతికించినట్టుంది. కనుబొమ్మ లేవదు, కన్ను మూత పడదు, మూతి కుడి పక్కకు లాక్కుపోయింది. మేకప్ అబ్బాయి ముందు నవ్వాడు. కొత్తగా ఏదో హావభావం సాధన చేస్తున్నాను అనుకున్నాడట! వాడికి నిజం అర్థమై చేతిలో స్పాంజి కింద పడేసేదాకా నేను కూడా అలాగే నిలబడి ఉన్నాను, ఎందుకంటే నా మనసులో మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా, ఈ ముఖం విలన్‌కి భలే ఉంటుంది అని. అంత పిచ్చిదాన్ని నేను.

డాక్టరు చూసి, ఇది పక్షవాతం కాదమ్మా, ముఖానికి వెళ్ళే నరం దెబ్బతింది, మందులు వాడాలి, వ్యాయామం చేయాలి, చాలామందికి తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు అన్నాడు. నేను ఎవరిలో ఉంటాను సార్ అని అడిగాను. అది నేను చెప్పలేనమ్మా అన్నాడు. చెప్పేవాళ్ళు ఎవరు మరి?

నా సంగతి తెలియని వాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. మాది నకరికల్లు పక్కన చిన్న ఊరు, అమ్మా నాన్నా పత్తికీ మిరపకీ కూలికి పోయేవాళ్ళు. మా మందిరంలో క్రిస్మస్ నాటకంలో నాకు దేవదూత వేషం ఇచ్చారు, ఉన్న మాట ఒక్కటే, భయపడకుడి అని. ఆ ఒక్క మాట నేను ఎంత గట్టిగా అన్నానంటే ముందు కూర్చున్న చంటిపిల్లలు జడుసుకుని ఏడ్చారట, అయ్యగారి భార్య నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయిందట! ఆ గొంతే నన్ను నాటకాల ట్రూపులోకి తీసుకుపోయింది. మాచర్ల, గురజాల, వినుకొండ, ఎక్కడ తిరునాళ్ళు జరిగితే అక్కడ మా స్టేజీ. వేలాడదీసిన మైకు గాలికి ఊగుతుంటే దాని వెనకాలే మేమూ ఊగుతూ పద్యం పాడేవాళ్ళం. మా ఆయన ఆ ట్రూపులోనే హార్మోనియం వాయించేవాడు. మా పాప ప్రసన్న నడక నేర్చే రోజుల్లో ఆయనకు కామెర్లు వచ్చి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. పాపను మా అక్క కరుణమ్మ చేతిలో పెట్టి నేను స్టేజీ మీదికి, అక్కడి నుంచి టీవీకి వెళ్ళాను. తిండి కోసమే వెళ్ళాను, కానీ తిండి కోసమే ఉండిపోయానని చెబితే ఈ మందిరంలో నిలబడి అబద్ధమాడినట్టే అవుతుంది.

ఇప్పుడు టీవీలో మా పని ఎలా ఉంటుందో మీకు చెప్పాలి, అది తెలియకపోతే నా సాక్ష్యం మీకు అంతుచిక్కదు. స్టేజీ మీద మా మాట మేము కంఠతా పట్టాలి, మా గొంతుతోనే చెప్పాలి. సీరియల్లో అలా కాదండీ. సీను కాగితం అప్పటికప్పుడు వస్తుంది, చదువుకునే తీరిక ఉండదు, కెమెరా పక్కన ఒక అసిస్టెంటు నిలబడి మాట అందిస్తాడు, దాన్నే ప్రాంప్టింగ్ అంటాం. వాడు సరుకుల పట్టీ చదివినట్టు ఏ భావమూ లేకుండా, “నా బిడ్డని నాకు దూరం చేయకండి” అంటాడు, వెంటనే మేము గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక్క క్షణం ఆగి, కన్నీళ్ళతో, “నా బిడ్డని... నాకు దూరం చేయకండీ!” అని తిరిగి అప్పజెప్పాలి. ఆ తర్వాత మా గొంతు కూడా తీసేసి వేరే ఆవిడ చేత స్టూడియోలో చెప్పిస్తారు. మాట అసిస్టెంటుది, గొంతు ఇంకొకావిడది, ముఖం ఒక్కటే నాది. ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఎవరైనా నా ఎదురుగా నిలబడి చప్పగా ఒక మాట అంటే చాలు, నా నాలుక దాన్ని పట్టుకుని భావం కలిపి తిరిగి ఇచ్చేది, ఆలోచన అనేది మధ్యలో ఉండేదే కాదు.

ఆ అలవాటు నా ఇంటి మీదికే వచ్చింది, సహోదరులారా. ప్రసన్న ఇంటర్ పూర్తి చేసిన వేసవిలో బాప్తిస్మం తీసుకుంటానంది. మన వాళ్ళందరికీ లాగే సాగర్ కాలువలో, ఆదివారం పొద్దున. నేను వస్తానని మాటిచ్చాను, ఒక రోజు ముందే వచ్చాను కూడా, షూటింగు బొట్టు బస్సులోనే తుడిచేసుకుని నరసరావుపేటలో దిగాను, మా అక్క కోడిని కూడా కోసింది. అన్నం తింటుండగానే ఫోను, షెడ్యూలు మారింది, వెంటనే రావాలి అని. నన్ను బస్సు ఎక్కించడానికి ప్రసన్న బస్టాండు దాకా వచ్చింది. అది ఏడవలేదు. తల దించుకుని, ఏ భావమూ లేకుండా, “నువ్వు లేకపోతే నేను నీళ్ళలో దిగనమ్మా” అంది.

నేను ఏం చేశానో తెలుసా? గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఒక్క క్షణం ఆగాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, “నువ్వు లేకపోతే... నేను నీళ్ళలో దిగనమ్మా!” అన్నాను.

అన్న తర్వాత నాకే తెలిసింది. అయ్యో, అయ్యో, దాన్ని అదే మాటతో వెక్కిరించానని అనుకుందది! ఎవరైనా అలాగే అనుకుంటారు. పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూసింది, నా చేతిలో సంచి పెట్టేసింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బస్సులో కూర్చుని దారంతా ఏడ్చాను, పక్క సీటావిడ నన్ను గుర్తుపట్టి, “ఇది వచ్చే వారం సీనాండీ?” అని అడిగింది. ఆ ఆదివారం ప్రసన్న కాలువ దగ్గరికి వెళ్ళలేదు, ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. నర్సింగు చదివింది, నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే హాస్టల్లో ఉంది. ఫోను చేస్తే ఎత్తేది, తిన్నావా అంటే తిన్నాననేది. నేను ఏడిస్తే మాత్రం వెంటనే పెట్టేసేది.

ఇక నా ముఖం పోయినప్పుడు నేను ఎక్కడికి పోతాను? నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మా అక్క ఇంటికే వచ్చాను. మా అక్క సంగతి మీకు తెలుసు కదా, ఓదార్పు ఆమెకు చేతకాదు. “ఒసేయ్, నీ మూతి పోయిందంటే నీ నోటి దూల పోయిందనుకున్నా, అది అట్టాగే ఉందేందే!” అని అన్నం కలిపి కుడి పక్క నుంచి పెట్టింది. వచ్చిన కొద్ది రోజులకే సాయంత్రం టీవీ పెడితే నా సీరియల్ వస్తోంది. నా చీర కట్టుకుని, నా నగలు పెట్టుకుని, నా బొట్టంత బొట్టుతో వేరే ఆవిడ సోఫాలో కూర్చుని ఉంది. నోరు తెరిచింది, అదే గొంతు! నాకు ఏళ్ళుగా అతికించిన ఆ స్టూడియో గొంతే! పక్కింటి పిన్ని చూస్తూ చూస్తూ, “నువ్వు కాస్త ఒళ్ళు చేశావే సువార్తా” అంది, సహోదరులారా, ఎదురుగా నేను కూర్చుని ఉండగానే! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రోజు మొదలు నన్నొక ప్రశ్న పట్టుకుంది. మాట నాది కాదు, గొంతు నాది కాదు, ముఖం ఉందనుకుంటే అదీ పోయింది, అయినా సీరియల్ ఆగలేదు, మరి ఇన్నాళ్ళూ అక్కడ ఉన్నది ఎవరు?

ప్రసన్న ఆదివారాలు వచ్చేది. కూతురిగా రాలేదు, నర్సుగా వచ్చేది. నా కంట్లో చుక్కలు వేసేది, బుగ్గ రుద్దేది, మూత పడని రెప్పకు టేపు ఎలా అంటించాలో మా అక్కకు చూపించేది, బయటికి పోతే కళ్ళజోడు పెట్టుకోమనేది. నా ఎడమ కన్ను దానంతట అదే కారుతూ ఉండేది, దుఃఖం లేకపోయినా కారేది. ఒక ఆదివారం నేను దాని చెయ్యి పట్టుకుని బస్టాండు సంగతి చెప్పబోయాను. అది కాటన్‌తో నా బుగ్గ తుడుస్తూ, “ఇది ఏడుపా, జబ్బా?” అని అడిగింది. కోపంగా అడిగి ఉంటే తట్టుకునేదాన్ని. నిజంగా తెలియక అడిగింది. నాకు కూడా తెలియలేదు. చెయ్యి వదిలేశాను.

మరి ప్రార్థన చేసుకోలేదా అంటారేమో. ఎందుకు చేసుకోలేదు! పట్నం నుంచి ఒక దైవజనుడు వచ్చిన ఉపవాస కూడికకు మా అక్క నన్ను తీసుకుపోయింది. ఆయన నన్ను ముందుకు పిలిచి, తల మీద చెయ్యి ఉంచి, నా వెనకాల చెప్పండమ్మా అన్నారు. అంతే! ఆయన ఒక మాట అందించడం, నేను తిరిగి అప్పజెప్పడం. “ప్రభువా, నేను విరిగిన పాత్రను” అని ఆయన మామూలుగా అంటే, నేను ఆ వంకర నోటితోనే ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు వణకాలో అక్కడ వణికించి చెప్పాను. కూడికంతా గొల్లుమని ఏడ్చింది. ఆయనే ఏడ్చారు! స్వస్థత జరిగిపోయిందని అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెబుతుంటే నేనేం చేస్తున్నానో చెప్పనా, నా ముఖం మీద లైటు ఏ పక్క నుంచి పడుతోందా అని చూసుకుంటున్నాను. ఇంటికొచ్చి టీ తాగితే ఎడమ పక్క నుంచి కారిపోయింది. ఆ దైవజనుడిని తప్పు పట్టడం లేదు, ఆయన మనసు మంచిది, తప్పు నా నాలుకది. ఆ రోజు నాకు పుట్టిన భయం అంతా ఇంతా కాదు. దేవుని ముందు కూడా నేను వేషమే వేస్తుంటే, ఇక నన్ను కాపాడేవాళ్ళు ఎవరు? ఆయన నన్ను చూస్తున్నాడా, వేషాన్ని చూస్తున్నాడా?

ఆ తర్వాతి ఆదివారం ప్రసన్న వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటూ ఆగింది. “ఆ కూడికలో నువ్వు చేసిన ప్రార్థన ఎవురో ఫోన్లో తీసి పంపిచ్చారు, చూశా. చానా బాగా చేశావు. నాతో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ఎవురూ అందియ్యకుండా చెప్పగలవా నువ్వు?” అంది. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ప్రసన్న అనే పేరు పలకాలన్నా రెండు పెదాలూ కలవాలి కదా, అవి కలవలేదు, అది ఒక సాకు, నిజం ఏమిటంటే లోపల మాటే లేదు. ఎవరో అందిస్తారని చూస్తున్నాను. అది చాలాసేపు నిలబడింది, సహోదరులారా, నా బిడ్డ చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. డ్యూటీ ఉందని అక్కకు చెప్పిందట.

అవి మిరప కోతల రోజులు. మా అక్క కౌలుకు వేసిన మిరప కల్లంలో ఎండింది, రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి మనుషులు చాలక నన్నూ రమ్మంది. ఇంట్లో కూర్చుని అద్దం చూసుకునే బదులు అదే నయమని వెళ్ళాను. కల్లంలో కూర్చున్నాక దగ్గని వాళ్ళు ఎవరు, తుమ్మని వాళ్ళు ఎవరు, అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి, ఎవరినీ ఎవరూ ఎందుకేడుస్తున్నావని అడగరు! నాకు అక్కడ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలోనే బుద్ధి గడ్డి తిన్నది. చెమటకు కళ్ళజోడు జారిపోతోందని తీసి పక్కన పెట్టాను, కారుతున్న ఎడమ కంటిని చేత్తో తుడుచుకున్నాను. మిరపకాయలు ఏరిన చేత్తో! మూత పడని కంటిని!

ఆ మంట పగవాళ్ళకు కూడా వద్దు. లేచి ఎటు పరిగెత్తానో నాకు తెలియదు, మా అక్క నన్ను పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఒక చేత్తో నీళ్ళు పోస్తూనే ఏం చేయాలో అడుగుదామని ప్రసన్నకు ఫోను చేసిందట, కారం చేతులని స్పీకరు పెట్టి మిరప బస్తా మీద పడేసిందట. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు ఫోనూ తెలియదు, కల్లంలో జనమూ తెలియదు. నేలను గుద్దుతూ అరిచాను. ఏమని అరిచానో మా అక్కకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, ఆమె చెబితేనే నేను మీకు చెబుతున్నాను.

“ఓ నాయనా! ఓ యేసయ్యా! ఏందయ్యా నాకీ గోల! కన్ను మండిపోతంది, మూత పడదు, తెరిచినా కనపడదు! నా మొగం తీసుకున్నావు, తీసుకో. నా గొంతు వాళ్ళు ఎప్పుడో తీసుకున్నారు, పోనీ. నా బిడ్డ నాకు కావాలయ్యా! దానితో ఏం మాట్లాడాలో నాకు తెలవట్లా, నువ్వు కూడా చెప్పవు. నిన్ను ఏం అడగాలో కూడా తెలవట్లా నాకు. ఇంతే. అయిపోయింది. ఆమేన్!”

ఇప్పుడు మీకు శుభ్రంగా వినిపించింది గానీ, అప్పుడు నా నోట్లో ‘బ’ లేదు, ‘మ’ లేదు, సగం మాటలు గాలికే పోయాయి, చీమిడి కారుతోంది, గొంతు కీచుగా ఉంది. ఒక్కరు ఏడవలేదు. మా అక్కయితే చెంబు పట్టుకుని, “ఇదేం ప్రార్థనే, స్తోత్రం లేదు పాడూ లేదు!” అంది. అప్పుడు బస్తా మీద నుంచి ఫోను మాట్లాడింది. ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ తర్వాత నర్సు గొంతు. “పెద్దమ్మా, ముందు నీ చేతులు సబ్బుతో కడుక్కో. నీళ్ళు పోస్తానే ఉండు, కన్ను నలపనీయొద్దు. నేనొస్తన్నా.”

వచ్చింది. యూనిఫాం మీదే ఆటో ఎక్కి వచ్చేసింది. సెలైను సీసా తెచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని కన్ను కడుగుతూనే కూర్చుంది, మంట తగ్గేదాకా కడిగింది, చూపు దెబ్బతినలేదని తేల్చుకుంది, ప్రభువుకు వందనాలు! తర్వాత అడిగింది, “ఆ ప్రార్థన నీకు ఎవురు చెప్పిచ్చారు?”

“కంట్లో కారం పడితే ఎవురు చెప్పిస్తారే!” అన్నాను, అంత వరకు నోరు తిరిగింది. అది నవ్వింది. నవ్వి, తల దించుకుంది. సరిగ్గా బస్టాండులో లాగే, ఏ భావమూ లేకుండా, చప్పగా అడిగింది, “నేనంటే నీకు ఇష్టమేనా అమ్మా?”

సహోదరులారా, దేవుని ముందు దాచేదేముంది, నా నాలుక లేచింది! “నేనంటే...” అన్న మాట బయటికి వచ్చేసింది కూడా! అది చటుక్కున తల ఎత్తింది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మూతి మూత పడకపోతే వేళ్ళతో నొక్కి మూశాను. ఎవరో అందిస్తారని అలవాటుగా ఎదురు చూశాను. ఎవరూ అందించలేదు. కల్లంలో ఎవరో తుమ్మారు, అంతే. ప్రభువా, ఇక్కడ నువ్వన్నా ఒక మాట చెప్పు అనుకున్నాను లోపల. ఆయన కూడా చెప్పలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఇక రాదు, ఇది నేనే చెప్పాలి. “చానా ఇష్టమే. చెప్పటం రాదు నాకు. బస్టాండులో నిన్ను ఎక్కిరించలా. నోటికి పట్టిన తెగులది. నీళ్ళలో దిగేటప్పుడు నేను గట్టు మీద ఉండాల్సింది” అన్నాను. ఇంత కూడా వరసగా చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా, మధ్యలో దగ్గుతూ చెప్పాను.

ప్రసన్న నా బుగ్గ మీద నీళ్ళు తుడిచింది. “ఈ మాట అస్సలు బాగా చెప్పలా నువ్వు” అంది. “అందుకే నమ్ముతన్నా.”

దేవునికే మహిమ! ఆ తర్వాత నా ముఖం మెల్లమెల్లగా వచ్చింది. ముందు పెదవి కదిలింది, తర్వాత రెప్ప మూసుకుంది, నవ్వితే ఇప్పటికీ ఎడమ పక్క కాస్త వెనకబడుతుంది, చూస్తున్నారుగా. డాక్టరు మందులు పనిచేశాయా, నా బిడ్డ రుద్దిన బుగ్గ పనిచేసిందా, ఆ దైవజనుడి ప్రార్థన ఆలస్యంగా అందిందా, కల్లంలో అరిచిన అరుపు అందిందా, నన్ను అడగొద్దు, నాకు తెలియదు. మందులు మాత్రం మానలేదు, మీరు కూడా మానకండి. నా మాట నాకు తిరిగి ఇవ్వడానికి దేవుడు తానే ఏ మాటా అందించకుండా ఎందుకు ఊరుకున్నాడో, కంట్లో కారం దాకా ఎందుకు రానిచ్చాడో అదీ తెలియదు. నా చిక్కులన్నీ విడిపోలేదు. ఈ మధ్యే ఫోను వచ్చింది, కొత్త సీరియల్లో మూతి వంకరున్న అత్త పాత్ర ఉందట, నేనైతే సరిగ్గా సరిపోతానట! నా గొంతుతోనే చెప్పనిస్తారా అని అడిగాను, చూద్దాం అన్నారు. పోవాలో వద్దో ఇంకా తేల్చుకోలేక ప్రార్థిస్తున్నాను. మీరు కూడా నా కోసం ప్రార్థించండి.

ఒక్కటి మాత్రం తేలింది. కాలువకు నీళ్ళు వదిలారు. ఈ ఆరాధన అవగానే మనమందరం గట్టు మీదికి వెళ్తున్నాం, ప్రసన్న బాప్తిస్మం తీసుకుంటోంది. అదుగో, వెనక గుమ్మం దగ్గర తెల్ల చీరలో కూర్చుని, ఇక చాలించమ్మా అని నాకు సైగ చేస్తోంది. పొద్దున తల దువ్వుకుంటూ నాతో ఏమందో తెలుసా? “అమ్మా, గట్టు మీద ఏడవమాక. నువ్వు ఏడిస్తే నేను నమ్ముతా, కానీ అందరూ నన్నొదిలేసి నిన్నే చూస్తారు!” అంది. ఏడవనని మాటిచ్చాను. ఎడమ కన్ను సంగతి మాత్రం నా చేతుల్లో లేదు.

ఇక ముగిస్తాను. సాక్ష్యం అయ్యాక అందరి చేత నా వెనకాల ఒక ప్రార్థన చెప్పించమని అయ్యగారు కోరారు. అయ్యగారూ, క్షమించండి, ఆ ఒక్కటి నా వల్ల కాదు. అక్కల్లారా, అన్నల్లారా, జబ్బుతో వచ్చిన వాళ్ళు ఉన్నారు, ఇంట్లో మాటలు లేక వచ్చిన వాళ్ళు ఉన్నారు, ఏం అడగాలో తెలియక వచ్చిన వాళ్ళూ ఉన్నారు. మీ మాట వంకరగా రానివ్వండి, సగమే రానివ్వండి, స్తోత్రం మర్చిపోయినా ఫరవాలేదు, ఆయన వింటాడు, నమ్మండి, నాది విన్నాడు. నేను అందించను. నేను ఇక్కడ ఊరికే నిలబడి ఉంటాను, మీరు మొదలుపెట్టండి.